కింది గేరి మలుపు

శివరుద్రయ్యగారికి ఒక అలవాటుండేది. అడిగిన ప్రశ్న నచ్చకపోతే కోప్పడేవారు కాదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చునేవారు. హంపన్న శిష్యరికానికి వచ్చిన తరవాత ఆ అద్దాలు ఎప్పుడూ తళతళలాడుతూనే ఉండేవి.

ఆ ఏడు తేరు పండగకు ముందురోజు హంపన్న విసురుగా వచ్చి కూలబడ్డాడు. "గురువుగారూ, ఆచారానికి కారణం లేదని రుజువు చేసినా అది ఎందుకు పోదు?"

అతని విసుగు అర్థం కావాలంటే ముందు ఆ ఊరి దారి తెలియాలి. బొమ్మ గీసుకున్నట్టు చూడండి. తేరు గుడి దగ్గర బయల్దేరి, పెద్ద బజారు చుట్టి, మళ్లీ గుడికే చేరుతుంది. మధ్యలో ఎడమవైపు కింది గేరి ఉంది. గేరి అంటే ఆ ప్రాంతంలో వీధి. తేరు లాగే మోకు తాతలనాటి నుంచీ ఆ గేరి మగవాళ్లదే. తేరు మాత్రం ఆ గేరిలోకి తిరగదు. ఎందుకని హంపన్న అడిగితే, గేరి ఇరుకన్నాడు తేరు నడిపించే పెద్దమనిషి గురప్ప. హంపన్న కొలిచి చూపించాడు, ఇరుకు కాదు. అయితే మురుగుకాలువ అడ్డమన్నాడు. హంపన్న పంచాయతీ చుట్టూ తిరిగి కాలువ మీద బండలు పరిపించాడు. తరవాత కరెంటు తీగలన్నాడు. చెప్పులరిగేలా తిరిగితే తీగలూ పైకి లేచాయి. ఇప్పుడేమో, మలుపు తిప్పితే ఇరుసుకు మంచిది కాదంటున్నాడు.

"ఉలిగమ్మవ్వకు ఏం చెప్పను?" అన్నాడు హంపన్న. "కిందటేడు దాకా కొడుకు ఎత్తుకొచ్చి గేరి మొగలో కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు లేపితేనే ఊపిరాడదు. చచ్చేలోగా నా గడపలో కూర్చుని సామికి టెంకాయ కొట్టాలని ఒకటే గోల. ఇరుసు సంగతి వడ్రంగి చేత రాయించుకొస్తే..."

కళ్లజోడు దిగింది. "ఏమీ రాయించుకురావద్దు. రేపు నాతో వచ్చి, తేరు ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పు, చాలు."

మర్నాడు తేరు మీద నిలబడి గురప్ప ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. ఊపితే తేరు కదులుతోంది, దించితే ఆగుతోంది.

"గురప్ప చేతిలో ఉంది," అన్నాడు హంపన్న, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. చంకలో కొలతల కాగితాలున్నాయి. పెద్ద బజారు పిల్లవాడు, ఏనాడూ మోకును తాకి ఎరగడు. గురువుగారు మళ్లీ అద్దాలు తుడుచుకున్నారు.

కింది గేరి మొగలో గుడ్డ ఊగుతూనే ఉంది గాని తేరు ఆగిపోయింది. ముందు వరసలో ఉన్న ఉలిగమ్మ కొడుకు తిక్కయ్య, మోకు నేలమీద పెట్టి దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. వెనకవాళ్లూ కూర్చున్నారు.

"ఏమైందిరా తిక్కయ్యా?" అని పైనుంచి అరిచాడు గురప్ప.

"ఏం కాలేదు సామీ. మా గేరి వచ్చింది."

"ఇట్లా తిరగదని ఎన్నిసార్లు చెప్పాల్రా! ఇరుసు..."

"మీరు చానాసార్లు చెప్పినారు. మా యమ్మ పొద్దున ఒక్కసారే చెప్పింది. నువ్వు లాగే తేరు నా గడపకు రాకపోతే అదేం లాగుడురా అనింది. తిరగదంటే మీరే లాక్కపోండి."

పెద్ద బజారువాళ్లు కొందరు పంచెలు ఎగగట్టి మోకు అందుకున్నారు. తేరు ఇసుమంతైనా కదల్లేదు. ఎండ ముదిరింది. సామికి గొడుగు పట్టిన పూజారి, గురప్ప వైపు గుర్రుగా చూశాడు. గురప్ప చెమట తుడుచుకుని, కాసేపు ఆకాశంలోకి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అసలు పూర్వం మన తేరు ఈ గేరిలోనుంచే పోయేదంట! మా తాత చెప్పేవాడు. మధ్యలో ఎవరో మాన్పించినారు. తిప్పండి, తిప్పండి! ఆచారం చెడగొట్టకూడదు."

హంపన్నకు ఒళ్లు మండిపోయింది. "పచ్చి అబద్ధం గురువుగారూ! నిన్నటిదాకా లేని తాత ఇవాళ ఎక్కణ్నుంచి వచ్చాడు? ఇప్పుడే అందరి ముందూ రుజువు చేస్తా."

అప్పటికే తిక్కయ్యవాళ్లు లేచారు. చక్రం మూలుగుతూ మలుపు తిరగబోతోంది, లాగడానికి చేతులు చాలడం లేదు. గేరి లోపల గడప మీద కూర్చున్న ఉలిగమ్మ, టెంకాయ పైకెత్తి పట్టుకుని కేకలేస్తోంది: "తొందరగా రాండ్రా! చెయ్యి గుంజుతా ఉంది!"

శివరుద్రయ్యగారు ఈసారి కళ్లజోడు తియ్యలేదు. శిష్యుడి చంకలోని కాగితాలు లాక్కుని తన చంకలో పెట్టుకున్నారు.

"రుజువులు ఇంటికెళ్లాక చేద్దువుగాని. ముందు ఆ మోకు పట్టుకో."