బిక్కవోలు బస్సు

1974 నవంబరు 8, శుక్రవారం. రాజమండ్రిలో పొద్దుటినుంచీ ముసురు. సాయంత్రానికి చినుకు ఆగింది గాని గోదావరి మీదినుంచి కొట్టే గాలి ఆగలేదు. అరుగు మీద పరిచిన చాపలు, మూలకొక చెప్పు పెట్టినా లేచిపోతున్నాయి. తేదీ ఇంత బాగా గుర్తుండటానికి కారణం మర్నాడు రెండో శనివారం కావడం. ఆ రోజుల్లో గుమాస్తాకి రెండు రోజులు వరసగా సెలవు దొరికేది నెలకి ఆ ఒక్కసారే. దానికోసం నెలంతా ఎదురుచూసి, తీరా వచ్చాక సైకిలు బాగుచేయించుకుంటూ గడిపేసేవాళ్ళం. నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను. కరువైన వస్తువుకి విలువెక్కువని అందులో చెప్పారు గాని, అది చేతికి దొరికాక ఏం చేసుకోవాలో ఏ పాఠంలోనూ లేదు. సరే, అది వేరే సంగతి.

మా గురువుగారు ఓరుగంటి నరహరి శాస్త్రిగారు తర్కశాస్త్రం బోధించి రిటైరయ్యారు. శుక్రవారం సాయంత్రాలు నలుగురైదుగురం ఆయన అరుగు మీద చేరేవాళ్ళం. జన్మంతా తర్కం చెప్పిన మనిషి, అడిగినదానికి తర్కంతో జవాబివ్వగా మేమెవరమూ వినలేదు. ప్రశ్న విని, చిటికెడు పొడుం పీల్చి, ఎవరింట్లోనో జరిగిన సంగతి మొదలుపెట్టేవారు. అది అయిపోయాక లోపలికి వెళ్ళిపోయేవారు. మిగిలినది మేం దారిలో కొట్లాడుకోవాలి.

ఆవేళ ప్రశ్న విశ్వపతిది. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా, మాలో అందరికన్నా చిన్నవాడు. పెళ్ళయి ఎనిమిది నెలలయింది. రెండు గదుల వాటాలో తల్లి, మేనత్త, ఇద్దరు చెల్లెళ్ళు, వాళ్ళ మధ్య ఈ దంపతులు. తలుపు వేసుకుని తీరిగ్గా మాట్లాడుకున్న రోజు లేదు. ఇంతలో భార్య సువర్చలకి పాడేరులో హిందీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడో వేసవి సెలవులకి రావడం. మధ్యలో ఉన్నది ఈ రెండు రోజులే. ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళిరావడానికి తల్లిని ఎలాగో ఒప్పించాడు గాని, ఎక్కడికన్నది వారం రోజులుగా తేలలేదు.

కూర్చోలేక లేచాడు, నిలబడలేక కూర్చున్నాడు.

"పాపికొండలు అనుకున్నాను గురువుగారూ. ఈ ముసురుకి లాంచీ కదుల్తుందో లేదో. మారేడుమిల్లికి వెళ్తే తిరుగు బస్సుకి హామీ లేదు. విశాఖపట్నంలో సముద్రం ఉంది గాని సగం పొద్దు రైల్లోనే పోతుంది. యానాం దగ్గరే. కాని యానాంలో ఏముంది?"

"యానాంలో ఏముందో తెలియనివాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివేరా" అన్నాడు పక్కనున్న వెంకటాచలం.

అక్కడ చవగ్గా దొరికే మందు సంగతి అది. గురువుగారు అడిగారు: "మీ ఆవిడ ఏమంటోంది?"

"ఎక్కడికైనా సరే అంటుందండీ. అదే చిక్కు. ఏదో ఒకటి తేల్చి చెప్పదు."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంట్లోనేనండి. పొద్దున్నే సంచి సర్దేసుకుంది." మళ్ళీ లేచాడు. "ఉన్నది రెండు రోజులు. ఒక్క గంటైనా వృథా కాకుండా ఎలా వెళ్ళిరావాలో మీరే చెప్పండి."

గురువుగారు పొడుం పీల్చారు.

"మేము సామర్లకోటలో ఉండగా పక్క వాటాలో ముఖలింగం అని గూడ్సు గార్డు ఉండేవాడు" అని మొదలుపెట్టారు.

గూడ్సు గార్డుని మీరు చూసే ఉంటారు. బండి చివరి పెట్టెలో ఒక్కడూ కూర్చుంటాడు. వెనకవైపు వసారాలో నిలబడితే, ఏ ఊరైనా దాటిపోయాకే కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలితే తప్ప పచ్చజెండా ఊపకూడదు. ముఖలింగం ఇంట్లోనూ అదే పద్ధతి. పిల్లలు లేరు. భార్య హైమవతికి ఒకటే కోరిక, ఇద్దరూ కలిసి ఉప్పాడ వెళ్ళి సముద్రం ఒడ్డున ఓ పూట కూర్చోవాలని. ఉప్పాడ ఎంత దూరం? పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

అయితే గార్డుకి సెలవు దొరికినా నమ్మకం లేదు. మనిషి తక్కువైతే స్టేషనునుంచి కాల్‌మాన్ సత్తెయ్య సైకిలు మీద వచ్చి ఇంటిముందు గంట కొడతాడు. ఇంట్లో దొరికితే డ్యూటీకి వెళ్ళాల్సిందే. దొరక్కపోతే మరొకరి గుమ్మానికి వెళ్తాడు. కాబట్టి చెయ్యాల్సిందల్లా సత్తెయ్య వచ్చేలోపు గడప దాటడం. హైమవతి తెల్లవారకముందే పులిహోర కలిపి బుట్టలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ముఖలింగం తిరుగు బస్సు వేళ కనుక్కునేవాడు. అది తప్పితే ఇంకో దారేదో ఆలోచించేవాడు. గొడుగు, టార్చిలైటు వెతికేవాడు. దొడ్డి తలుపు గడియ రెండోసారి చూసి వచ్చేవాడు. ఈలోగా వీధి మలుపులో గంట వినిపించేది.

"ఆ పులిహోర మేమే తినేవాళ్ళం. చాలాసార్లు తిన్నాం. బాగుండేది" అన్నారు గురువుగారు.

ఒకసారి ముఖలింగం దొడ్డి గడియ దగ్గర ఉండగానే గంట వినబడింది. హైమవతి లేచి, బుట్ట ఒక చేత్తో, మొగుడి మణికట్టు ఒక చేత్తో పట్టుకుని దొడ్డిదారినే లాక్కుపోయింది.

"హైమా, వీధి తలుపు తాళం వెయ్యలేదు."

"దొంగలొస్తే శాస్త్రిగారు చూసుకుంటారు, నడవండి."

రోడ్డు మీదికి వచ్చి, మొదట కనబడిన బస్సు ఎక్కేశారు. బస్సు కాలవగట్టు పట్టాక ముఖలింగం కండక్టర్ని అడిగాడు, ఇదెక్కడికని.

"బిక్కవోలండి. ఎక్కేశాక అడుగుతారేంటండి బాబూ."

సముద్రం ఒకవైపు, బిక్కవోలు ఇంకోవైపు. ఆయన ఎన్ని వందలసార్లు దాటాడో ఆ స్టేషను, ఒక్కసారీ దిగలేదు. బస్సు దిగేసరికి వాన పట్టుకుంది. ఎదురుగా కాఫీ హోటలు. బయటి తిండి తెచ్చుకున్నవాళ్ళకి బల్ల ఇవ్వనన్నాడు హోటలాయన. హైమవతి అతనికీ ఓ ముద్ద పెట్టింది. అతనే ఆకులు తెచ్చి వేశాడు. వాన తగ్గేదాకా అక్కడే కూర్చుని, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేశారు. అంతసేపూ ఏం మాట్లాడుకున్నారని గురువుగారి భార్య అడిగితే, "గుర్తులేదు వదినా, వాన చాలాసేపు కురిసింది" అందిట హైమవతి.

ముఖలింగానికి మాత్రం ఆ ప్రయాణం తలవంపుగానే ఉండిపోయింది. గొడుగు లేదు, తాళం లేదు, చేరాల్సిన చోటికి చేరలేదు. ఈసారి పద్ధతిగా వెళ్దాం అనేవాడు. రిటైరయ్యాక సత్తెయ్య గంట లేదు గాని హైమవతికి ఉబ్బసం వచ్చింది. ఉప్పాడ వెళ్ళనేలేదు. పోయిన ఏడాది ఆవిడ పోయింది.

"పోయేముందు తన వస్తువులన్నీ తనే పంచింది" అన్నారు గురువుగారు. "గాజులు ఆడపడుచుకి. కుట్టుమిషను పనిమనిషి కూతురికి. పులిహోర గిన్నె మా ఇంటావిడకి. మరి ఆయనకో అని ఎవరో అడిగితే, 'ఆయనకి బిక్కవోలు ఉంది' అంది. పదోరోజున ముఖలింగం నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. అందరికీ ఏదో ఒకటి ఇచ్చింది శాస్త్రిగారూ, నాకే ఏమీ లేదు. బిక్కవోల్లో మాకు సెంటు భూమైనా లేదే అన్నాడు."

గాలికి ఒక చాప లేచింది. విశ్వపతి దాన్ని కాలితో తొక్కిపట్టాడు.

"పాపం, ఆయనకేమీ దక్కలేదన్నమాట" అన్నాడు.

గురువుగారు పొడుం డబ్బా మూత బిగించి లేచారు.

"ఆయనా అదే అన్నాడు. నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?"