ఆరిపోయిన అత్రి అగ్ని

పూర్వం కృతయుగం కడపట, ఋక్షపర్వత సానువుల్లో, బ్రహ్మమానసపుత్రుడైన అత్రి మహర్షి వంశాన ప్రియసత్రుడనే వృద్ధముని ఉండేవాడు. అత్రి మథించి నిలిపిన అగ్నిని తరతరాలుగా ఆరనీయక కాపాడుతూ వచ్చిన ఆ వంశంలో ఆయనే చివరివాడు. కొడుకులు లేరు. భార్య పరమపదించిన నాటినుండి కూతురు శుచివ్రతే సమిధలు తెచ్చి, అగ్నిశాల అలికి, తండ్రిని చేయిపట్టి హోమానికి కూర్చోబెట్టేది.

ఒక శ్రావణంలో పదకొండు రోజులు ఎడతెగక వాన కురిసింది. శుచివ్రత అడవికి వెళ్లిన సమయాన, చూరునీరు కుండంలోకి దిగుతున్నా ముని లేవలేక, కాసేపాగి లేద్దామనుకుంటూ అలాగే కూర్చుండిపోయాడు. అగ్ని ఆరిపోయింది.

మళ్లీ నిప్పు పుట్టాలంటే, నిప్పు చిలికే కొయ్యయైన అరణిని ఒకరు అదిమిపట్టాలి, మరొకరు తాడులాగి చిలకాలి. తిరిగివచ్చిన శుచివ్రత తాడు అందుకోబోగా తండ్రి వారించాడు.

"వద్దమ్మా. రేపు మరో గోత్రానికి పోయేదానివి. నీ చేత పుట్టింది అత్రి అగ్ని కాదు. నాకు చిలికే ఓపిక లేదు. ఇంతటితో పోనీ."

"ఇన్నేళ్లు సమిధలు మోసినప్పుడు నాది ఏ గోత్రమో మీరు అడగలేదు నాన్నగారూ" అన్నది ఆమె, తాడు వదలకుండా.

అంతలో, జటల నుండి వాననీరు కారుతుండగా, తపోనిధియైన అత్రి మహర్షి తానే అగ్నిశాలలోకి వచ్చి అరణి ముందు కూర్చున్నాడు. ప్రియసత్రుడు లేచి మొక్కబోయి లేవలేకపోయాడు.

"కూర్చో నాయనా. నేను తపస్సులో కళ్లు మూసుకున్న మూడువేల ఏళ్లూ ఈ అగ్నిని కాచింది ఎవరనుకున్నావు? అనసూయ. ఆమె కర్దముడి ఇంటి ఆడపిల్ల. ఆమె చేతిలో అది నా అగ్ని కాకుండా పోయిందా?"

అని, అరణిని తాను అదిమిపట్టి, "లాగు తల్లీ" అన్నాడు. చాలాసేపటికి పొగ లేచింది, ఆపైన నిప్పు. ఇకపై తన వంశంలో కూతురి కొడుకు తాతకే కొడుకై ఆత్రేయుడని చెప్పుకుంటాడనీ, అలాంటి కొడుకు పుట్టేవరకూ ఆ అగ్ని శుచివ్రతదేననీ మహర్షి వరమిచ్చాడు.

ప్రియసత్రుణ్ణి కూడా ఏదైనా కోరుకోమన్నాడు.

ముని కూర్చున్న చోటినుండే చేతులు జోడించి, "స్వామీ, సాయంకాలపు హోమానికి నేను లేవాలా?" అని అడిగాడు.

"అక్కరలేదు" అన్నాడు అత్రి.