తక్కిన గుంతలెక్కడ?

మైలెద్దు చల్లగా ఉండాలి. ముందు ఆ మాట చెప్పుకుని, కథ తరవాత చెబుతాను.

జొన్నచేలు అయిపోయి రాళ్ళగుట్ట మొదలయ్యే చోట ఒక బడి ఉండేది. ఊరి జంతువుల పిల్లలూ అడవి జంతువుల పిల్లలూ కలిసి ఇరవైనాలుగు మంది. నక్క పంతులు. ఎలుగుబంటి గుట్టకు పెద్ద.

ఎలుగుబంటి మంచివాడే. ఎవరైనా వచ్చి "ఫలానావాళ్ళకు తెలివి తక్కువ" అంటే ఊరికే ఒప్పుకునేవాడు కాదు. ఒక పద్ధతి పెట్టాడు. ఒక్కో పిల్ల మార్కులు ఒక్కో మోదుగాకు మీద గీయాలి. తక్కువ అన్నవాళ్ళ ఆకులు ఒక కుప్ప, మిగతావాళ్ళవి ఒక కుప్ప. రెంటికీ ఎంత తేడా ఉందో చూసేవాడు. తరవాత అన్నీ గంపలో పోసి, కళ్ళు మూసుకుని కలిపి, మళ్ళీ రెండు కుప్పలు చేసేవాడు. అలా ఇరవైసార్లు. కళ్ళు మూసుకుని చేసినా అంత తేడా మాటిమాటికీ వస్తే, "ఇది ఉత్త అదృష్టం, పో" అనేవాడు. ఇరవైలో ఒక్కసారికి మించి రాకపోతే ఎర్రమన్నులో పంజా ముంచి ముద్ర వేసేవాడు.

ముద్ర పడ్డాక గుట్టమీద ఎవరూ నోరెత్తరు. అదొక అలవాటైపోయింది.

ఒకరోజు పొద్దున్నే నక్క ఆకుల కట్ట పట్టుకొచ్చింది.

"పెద్దయ్యా, ఏడుచోట్ల రేగుపళ్ళు దాచి పిల్లల్ని గుర్తుపెట్టుకోమన్నాను. వాలుచెవుల పిల్లలు ఎనిమిదిమందీ వెనకపడ్డారు. మీరే చూడండి."

ఎలుగు గంప తెచ్చాడు. ఇరవైసార్లు కలిపాడు. అంత తేడా ఒక్కసారే వచ్చింది. ముద్ర వేశాడు.

నక్క కళ్ళు తుడుచుకుంది. "పాపం, పసివాళ్ళు! చెవి వాలితే తెలివీ వాలుతుంది కాబోలు. ఏటి అవతల వాళ్ళకు వేరే బడి పెడతాను. అక్కడే ఉండి చదువుకోవాలి. తల్లులు మాత్రం రాకూడదు, పిల్లలు బెంగపెట్టుకుంటారు. ఎల్లుండి పంపండి."

వాలుచెవులవాళ్ళంటే మేకపిల్లలూ గొర్రెపిల్లలూ. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. ముద్ర ఉంది కదా.

నల్లమేకకు ఒక్కతే బిడ్డ, చెంగి. ఆ సాయంత్రం మేత నుంచి వచ్చేసరికి చెంగి తన రెండు చెవుల్నీ తీగతో నెత్తిమీదకు లాగి కట్టుకుని కూర్చుంది.

"అమ్మా, ఇలా ఉంటే తెలివొస్తుందా?"

నల్లమేక తీగ కొరికి విప్పింది. తెల్లవారగానే చేలగట్టుకు నడిచింది.

గట్టుమీద మైలెద్దు నెమరేస్తున్నాడు. వీపుమీద కాకి గోమారి పురుగులు ఏరుకుంటోంది.

"అన్నా, నా బిడ్డను రేపు ఏరు దాటించమంటున్నారు. ముద్ర పడింది."

మైలెద్దు అంతా విన్నాడు. తొందరపడే రకం కాదు.

"మా ఊళ్ళో నీళ్ళు చూసే ఆయనొకడున్నాడమ్మా. వేపపుల్ల పట్టుకుని చేలో తిరుగుతాడు. పుల్ల ఊగినచోట తవ్వమంటాడు. ఇరవైచోట్ల తవ్వించాడు. ఒకచోట పడ్డాయి. ఇప్పుడు ఎవరొచ్చినా ఆ బావి దగ్గరికే తీసుకెళ్ళి చూపిస్తాడు."

"తక్కినవి?"

"తక్కిన గుంతల్లో పడే నా కాలు విరగబోయింది. అందుకే నాకు అవి గుర్తు. ఆయనకు గుర్తుండవు."

కాకి ముక్కు ఎత్తింది. "నా సంగతీ అంతేగా! ఎప్పుడో నేను వాలిన క్షణాన తాటిపండు రాలిందట. ఈనాటికీ అదే చెప్పుకుంటారు. నేను వాలినా రాలని పళ్ళు ఎన్నో! వాటిని ఎవడైనా లెక్కపెట్టాడా?"

"ఎగురు మరి," అన్నాడు మైలెద్దు. "బడి వెనకాల గుంత ఏమైనా ఉందేమో చూసిరా."

కాకి వెళ్ళి వచ్చేసరికి ఎండ ఎక్కింది. "ఉంది వదినా! తాటాకు ముక్కలు, మన్ను కప్పి ఉన్నాయి. పందొమ్మిది!"

"పందొమ్మిది ఎండిన గుంతలు," అన్నాడు మైలెద్దు.

మర్నాడు ఏటి ఒడ్డున అందరూ చేరారు. ఎనిమిదిమంది పిల్లలూ వరసలో ఉన్నారు. నక్క ఒక్కొక్కరినీ తడిమి చూసుకుంటోంది. అప్పుడు మైలెద్దు ఆయాసపడుతూ వచ్చి, నీళ్ళు చూసే ఆయన గుంతల సంగతి అందరికీ చెప్పాడు.

"పంతులుగారూ, ఒక్క మాట. చెవులు కాక ఇంకేమేం చూశారు?"

"చెవులే చూశాను."

కాకి తాటాకు ముక్కలు ఎలుగు ముందు పడేసి చదవడం మొదలుపెట్టింది. "తొడలు బలిసినవాళ్ళు, తేడా లేదు. కొమ్ములింకా రానివాళ్ళు, తేడా లేదు. పరుగు చేతకానివాళ్ళు, తేడా లేదు. తల్లి దూరంగా మేసేవాళ్ళు..."

"చాలు చాలు!" అంది నక్క. "పరీక్షలన్నాక అన్నీ చూడాలి. ఎండిపోయిన గుంతలు ఊరందరికీ చూపించడం ఎందుకు? నీళ్ళు పడ్డది తెచ్చాను. ముద్ర పెద్దయ్యగారిది, నాది కాదు. పెద్దల మాట చద్దిమూట."

ఎలుగు ముఖం గంటుపెట్టుకున్నాడు. "వేసిన ముద్ర వెనక్కి తీసుకుంటే రేపు ఎవరు నమ్ముతారు?"

నల్లమేక ముందుకొచ్చింది. "పెద్దయ్యా, ఆ తేడా ఎంత?"

ఎలుగు తడుముకున్నాడు. ఇంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. "ఏడు పళ్ళకు... సగం పండు."

"సగం పండుకు నా బిడ్డను ఇచ్చెయ్యనా?"

నక్క ఇకిలించింది. "సగమైనా ముద్ర ముద్రే!"

"ఆ మాట మీదే ఉండండి పంతులుగారూ," అన్నాడు మైలెద్దు. "పెద్దయ్యా, అవే ఆకులు. అదే గంప. మేమూ కొన్ని గుంతలు తవ్వుకుంటాం. ముద్ర పడితే అదీ నిజమేగా?"

"నిజమే," అన్నాడు ఎలుగు.

"నిజమే!" అంది నక్క, నవ్వుతూ.

కాకికి పండగైంది. "నిన్న తుమ్మినవాళ్ళు!" ఎలుగు ఇరవైసార్లు కలిపాడు. తేడా లేదు. "ఎడమకాలు ముందుపెట్టి నడిచేవాళ్ళు!" లేదు. "అల్లం వాసన పడనివాళ్ళు!" లేదు. ఎలుగు చేతులు లాగేస్తున్నాయి. పదమూడు గుంతలు ఎండిపోయాయి.

"తోక చివర తెల్లగా ఉన్నవాళ్ళు!" అంది కాకి, ఇంకేమీ తోచక.

ఎలుగు కలిపాడు. మళ్ళీ కలిపాడు. ఇరవైసార్లలో అంత తేడా ఒక్కసారీ రాలేదు. ఎర్రమన్నులో పంజా ముంచి ముద్ర వేశాడు.

"తెల్లతోకలవాళ్ళూ ఏరు దాటాలి," అన్నాడు.

తోక చివర తెలుపున్నవాళ్ళు అయిదుగురు. వాళ్ళలో ఇద్దరు నక్క సొంత పిల్లలు. మొసళ్ళున్న ఏరు అది. ఎక్కడ ఎలా దాటాలో నక్కకు తెలుసు, పిల్లలకు తెలియదు. అవతల ఏ బడీ లేదనీ దానికే తెలుసు.

"ఆగండి! ఆగండి!" నక్క అడ్డం పడింది. "ఇదేం న్యాయం పెద్దయ్యా? పద్నాలుగుచోట్ల తవ్వితే ఎక్కడో ఒకచోట తడి తగలదా? మీ లెక్కలోనే ఉంది కదా, ఇరవైకి ఒకటి ఉత్తపుణ్యానికే వస్తుంది! అది అదృష్టం, నా పిల్లల తప్పు కాదు!"

తల్లులంతా నక్క వైపు తిరిగారు.

"తనదాకా వస్తేగానీ తెలియదంటారు," అన్నాడు మైలెద్దు మెల్లగా. "పంతులుగారూ, ఆ మాటే మళ్ళీ చెప్పండి. వాలుచెవుల తల్లులు వినలేదు."

నక్క తన పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుంది.

ఎలుగు తలదించుకున్నాడు. "నా ముద్ర చెప్పింది ఒక్కటే. ఒక్కసారి తవ్వితే ఇలాంటిది అరుదుగా పడుతుందని. నిజమని అది చెప్పలేదు. పెద్దదనీ చెప్పలేదు. మీరు అలా విన్నారు. నేనూ అలాగే విన్నాను."

రెండు ముద్రలూ ఏట్లో కడిగేశాడు. ఆ పూటే తనే ఏడుచోట్ల రేగుపళ్ళు దాచాడు. చెవుల సంగతి తప్ప ఇంకేమీ చూడనని ముందే అందరికీ చెప్పి, పిల్లలందరినీ మళ్ళీ అడిగాడు. గంప ఇరవైసార్లు కలిపితే, ఈసారి చెవులకు వచ్చిన తేడా కన్నా పెద్ద తేడా పదకొండుసార్లు వచ్చింది. వాలుచెవుల్లో ఏమీ లేదు.

చెంగి ఏడింటికి ఆరు చెప్పింది. ఏడోది దారిలో తినేసింది.

"ఏటి అవతల బడి ఖాళీగా ఉండకూడదు పంతులూ," అన్నాడు ఎలుగు. "నువ్వే వెళ్ళి చదువుకో. పిల్లలు ఇక్కడే ఉంటారు, మేం చూసుకుంటాం."

నక్క తోక కాళ్ళసందున పెట్టుకుని ఏట్లో దిగింది.

మర్నాటి నుంచి బడి గోడకు ముద్ర పడ్డ ఆకు ఒక్కటే కాదు, ఎండిపోయిన గుంతల తాటాకులూ పక్కనే వేలాడదీశారు. వాటిని కట్టే పని కాకిది. రోజూ గొప్పలు పోయేది.

నల్లమేక నోటినిండా పచ్చి జొన్నచొప్ప తెచ్చి మైలెద్దు ముందు పెట్టింది.

"నేనేం చేశానమ్మా? ఒక మాట అడిగాను, అంతే," అన్నాడు మైలెద్దు.

"ఆ మాట అడగాలని నాకు తోచలేదన్నా. నువ్వు అడక్కపోతే ఈపాటికి..."

గట్టుకింద చెంగి ఎగురుతోంది. ఎగిరినప్పుడల్లా రెండు చెవులూ టపటప కొట్టుకుంటున్నాయి. నల్లమేక చాలాసేపు ఆ చప్పుడే వింటూ నిలబడింది.

పడ్డ ముద్ర చూసి బిడ్డను అప్పగించకు, తక్కిన గుంతలెన్నో ముందు అడుగు.