ఎర్రదారం మింగిన గోగి

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. వాళ్ల వంశాచారం ప్రకారం పెద్దవాడికి సింహాసనం, రెండోవాడికి సైన్యం, మూడోవాడికి సముద్రం మధ్య దీవిలో ఒక దీపస్తంభం. మూడోవాడి పేరు కువలయుడు. ఓడలకి దారి చూపించడం వాడి పని.

మొదట్లో ఓడవాళ్లు కేకలేసి కబుర్లు చెప్పేవాళ్లు. తర్వాత కరాళుడనే మాంత్రికుడు దీవి చుట్టూ పొగమంచు కప్పేశాడు. తన రహస్యం ఒకటి ఆ నీళ్లలో దాచుకున్నాడు, అటు మనుషులు రాకూడదు. ఇక ఓడలు రాలేదు. ఒక ఏడాది రాలేదు, రెండో ఏడాది రాలేదు, మూడో ఏడాదీ రాలేదు. అయినా కువలయుడు రోజూ దీపం వెలిగిస్తూనే ఉన్నాడు.

వాడికున్న తోడల్లా గోగి అనే తెల్లకుక్క. ఆ రోజుల్లో మాట్లాడే జంతువులు చాలా ఉండేవి. గోగికి మాత్రం మాటలు రావు. "ఇవాళ గాలెక్కువ కదా గోగీ?" అంటే తోక ఊపేది, అంతే. ఆ తోక చూస్తూనే వాడికి మూడేళ్లు గడిచాయి.

రాజుల ఇళ్లలో మొదటి ముద్ద రాజకుమారుడు తినకూడదు. విషముందేమోనని వేరే మనిషి తిని చూడాలి. దీవిలో మనిషి లేడు కాబట్టి కువలయుడు మొదటి ముద్ద గోగికి పెట్టేవాడు. ఎవరూ లేనిచోట విషం కలిపేదెవరు? ఆ సంగతి వాడికి ఒక్కనాడూ తట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే పెద్ద చేప పడింది. కాల్చి, మొదటి ముక్క గోగికి వేశాడు. గోగి గుటుక్కున మింగింది. మింగి దగ్గింది. నోట్లోంచి ఎర్రపట్టు దారం జానెడు వేలాడింది. కువలయుడు గాభరాపడి దారం పట్టుకున్నాడు.

"లాగకు నాయనా!" అంటూ ఒక ముసలి గూడబాతు వచ్చి వాలింది.

"ఎందుకు తాతా? కొస కనిపిస్తోందిగా."

"రెండో కొస కనిపిస్తోందా? మా తమ్ముడు గాలం మింగితే నేనే లాగాను. దారం వచ్చింది, తమ్ముడు పోయాడు."

"పోనీ ఉప్పునీళ్లు పట్టి కక్కిస్తాను."

"అదీ వద్దు. పైకొస్తూ ఇంకెక్కడ చిక్కుకుంటుందో! ఒడ్డున ఏనుగులశాలలో సంపెంగి అని వైద్యం తెలిసిన పిల్ల ఉంది. అక్కడికి పద. చేపలో మిగిలిన దారం ముక్క కూడా తీసుకో, ఆమెకి చూపించాలి. మంచులో దారి నేను చూపిస్తాను."

అంతలో పొట్ట పట్టుకుని కరాళుడు ఊడిపడ్డాడు. "ఆగరా కుర్రాడా! నా ప్రాణం నీలిపూసలో పెట్టి, ఎర్రదారంతో ఆ చేప కడుపులో కట్టుకున్నాను. నా ప్రాణమున్నదాని మీద నా మంత్రమూ పారదు, నా కత్తీ దిగదు. నువ్వే ఆ కుక్క పొట్ట కోసి ఇచ్చెయ్. నూరుమంది స్నేహితులున్న నగరం ఇస్తాను. రోజంతా నీతో మాట్లాడతారు!"

కువలయుడికి ఆశ పుట్టింది. మనిషి గొంతు వినక మూడేళ్లు. గోగి మూలుగుతూ వాడి మోకాలికి తల ఆనించింది.

"కత్తి తగిలి పూస పగిలితేనో?" అన్నాడు కువలయుడు.

కరాళుడు తెల్లబోయాడు. "మరి... ఏం చేద్దాం?"

"తెడ్డు పట్టుకో."

కువలయుడు, గోగి, కరాళుడు పడవెక్కారు. గూడబాతు ముందు ఎగురుతూ దారి చూపించింది. మొదటి పాయ దాటాక "లాగేద్దామా?" అన్నాడు కరాళుడు. "వద్దు." రెండో పాయ దాటాక "కొంచెం లాగుదామా?" "వద్దు." మూడో పాయ దాటాక "ఊరికే ముట్టుకోనా?" "చెయ్యి తీ!"

సంపెంగి ఏనుగు కాలికి పసరు రాస్తోంది. గోగిని చూడగానే మూడు ప్రశ్నలడిగింది. "ఏం మింగిందయ్యా? ఎప్పుడు మింగింది? తర్వాత ఏమైనా పెట్టావా?"

కువలయుడు గోగిని ఆమె ముందు దింపాడు. దారం ముక్క చూపించాడు. "పూస. పొద్దున్న. ఏమీ పెట్టలేదు," అన్నాడు ఎలాగో.

సంపెంగి గోగి నోరు తెరిచి నాలుక ఎత్తి చూసింది. దారం నాలుక కింద చుట్టుకుని ఉంది. "లాగి ఉంటే లోపల పేగులు కోసేసేది," అని ఆ చుట్టు జాగ్రత్తగా కత్తిరించింది. "పూస నున్నగా ఉంటే దానంతటదే దిగుతుంది. మెత్తటి గుమ్మడికాయ అన్నం పెట్టు. కక్కినా, పొట్ట ఉబ్బినా, తిండి మానేసినా నన్ను కేకెయ్."

మొదటిరోజు గోగి రెండు మెతుకులు తిని పడుకుంది. చుట్టూ మావటివాళ్లు నవ్వుకుంటున్నారు, పాడుకుంటున్నారు. కువలయుడు గడ్డిలో ఒక్కడే కూర్చున్నాడు. దీవిలో మనుషులు లేక ఒంటరి, ఇక్కడ ఇంతమందిలోనూ ఒంటరే.

రెండోరోజు గోగి చెవిలో అన్నాడు, "నేను చావకూడదని మొదటి ముద్ద నీకు పెట్టానే గోగీ. నాకున్నది నువ్వొక్కదానివే, ముందు పోవాల్సింది కూడా నువ్వే అన్నట్టు పెట్టాను."

వెనకాల సంపెంగి నిలబడి ఉంది. "దానితో ఇంత చక్కగా మాట్లాడతావు, మాతో మాట్లాడవేం?"

"అలవాటు తప్పింది."

"నాతో మొదలుపెట్టు. తప్పుపోతే నవ్వుతాలే," అని పక్కన కూర్చుంది.

మూడోరోజు గోగి లేచింది. పెరట్లోకి వెళ్లింది. దాని పెంటలో నీలిపూస తళుక్కుమంది!

కరాళుడు పరుగెత్తుకొచ్చేలోగా సంపెంగి దానిమీద కుండ బోర్లించి, కుండమీద కాలు పెట్టింది. "ముందు పొగమంచు తీసెయ్. మళ్లీ కప్పనని ఈ ప్రాణంమీదే ఒట్టెయ్."

ఆ ఒట్టు తప్పితే పూస పగిలిపోతుంది. కరాళుడు పళ్లు నూరి మంచు తీశాడు, ఒట్టేశాడు. "ఇప్పుడివ్వు!"

"నేనెందుకిస్తాను? నువ్వే ఏరుకో."

మావటివాళ్లు పడీపడీ నవ్వుతుంటే ముక్కు మూసుకుని ఏరుకున్నాడు. ఆ సిగ్గుతో ఏడు సముద్రాలు దాటిపోయినవాడు మళ్లీ ఈ వైపు రాలేదు.

రాజు కువలయుడికి దీవినే రాజ్యంగా ఇచ్చాడు. సంపెంగితో పెళ్లయింది. జబ్బుపడ్డ జంతువులకి అక్కడ ఒక శాల కట్టి, అరవైయేళ్లు చల్లగా ఏలారు.

పెళ్లయిన మర్నాడే మొదటి ఓడ వచ్చింది. "దీపం దగ్గర ఎవరున్నారూ?" అని ఓడమీంచి కేక.

కువలయుడు బదులివ్వబోయాడు. సంపెంగి చెయ్యి పట్టుకుంది. గోగి భౌమంది.

"ముగ్గురం ఉన్నాం!" అని అరిచాడు.