నారింజ ఎవరిది

కాకినాడ కామేశ్వర పంతులుగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర నిఘంటువు పనికి కుదిరిన నరహరికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, ఒక మాట పది దేశాలు తిరిగి పది రకాలుగా మారిపోతే, చివరికి అది ఎవరిదని రాయాలండీ?"

అడగడమైతే అడిగాడు గానీ, జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. కొన్నాళ్లుగా అతను నారింజ వెంట పడ్డాడు. మన వైపు పుట్టిందని అతను నమ్మిన ఆ మాట పారశీకుల నోటా అరబ్బుల నోటా పడి స్పెయిన్ చేరింది. పోర్చుగీసువాళ్లు దాన్ని లరాంజ చేశారు. ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు తలే తీసేసి ఆరెంజ్ అన్నారు. ఇంగ్లీషువాళ్లయితే అంతటితో ఆగక రంగుకీ అదే పేరు తగిలించారు. ఆ పేరుతోనే ఫ్రాన్సులో ఒక ఊరుంది, దానికీ పండుకీ ఏ చుట్టరికమూ లేదు. డచ్చి రాజవంశం పేరు ఆ ఊరి నుంచి వచ్చింది, ఆ వంశానికి గుర్తు మాత్రం పండు రంగు! పండునేమో డచ్చివాళ్లు చీనా ఆపిలు అంటారు. గ్రీకులు తియ్యటి పండుకు పోర్చుగల్ పేరు పెట్టి, పుల్లటిదానికి పాత పేరే ఉంచుకున్నారట. ఈ చివరిది మాత్రం నరహరి పుస్తకంలో చదివిందే గానీ చెవితో విన్నది కాదు. సొత్తు మనది, తక్కినవాళ్లంతా పట్టుకుపోయి పాడుచేశారు అని రాసేయాలని అతని ఉబలాటం. కుర్రతనంలో అందరికీ ఉండేదే.

పంతులుగారు దగ్గుతెర ఆగేదాకా ఉండి, "అది సరేగానీ, రేవు దగ్గర ఆసుపత్రి నుంచి డాక్టరుగారు కబురు పెట్టారు. ఓడలో వంటవాడట, గ్రీకు ముసలాయన. జ్వరం తగ్గినా మెతుకు ముట్టడం లేదట. ఇలాగే ఉంటే దక్కడంటున్నారు. నీకు ఆ భాష రెండు ముక్కలు వచ్చుగా, ఏం తింటాడో కనుక్కుని రా" అన్నారు.

గ్రీకు ముసలాయన అనగానే నరహరికి ప్రాణం లేచొచ్చింది. పోతూ పోతూ పెరట్లో ఒక నారింజకాయ కోసి జేబులో వేసుకున్నాడు. రోగికి పెట్టడానికి కాదు.

ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన గంజి చల్లారి మీగడ కట్టింది. నరహరి కాయ చూపించి, దారంతా వల్లెవేసుకున్న గ్రీకులో "ఇదేమిటి?" అని అడిగాడు. ముసలాయన కాయ అందుకుని తొక్క మీద గోరు గుచ్చి వాసన చూశాడు.

"నెరాంజి" అన్నాడు. అని, ఏడ్చాడు.

తరవాత ఏవేవో చెప్పాడు. తొక్కను చీరినట్టు, వేలికి చుట్టినట్టు, గిన్నెలో కలిపినట్టు చేతులు తిప్పాడు. మధ్యలో అమ్మ అన్న మాట ఒక్కటే నరహరికి తెలిసింది. కానీ అప్పటికే అతను జేబులోని చీటీ మీద నెరాంజి అని రాసుకుని, ఎప్పుడెప్పుడు పంతులుగారింటికి పోదామా అని చూస్తున్నాడు.

"దొరికిందండీ మాస్టారూ! అచ్చం మన మాటే!" అన్నాడు గుమ్మంలోంచే.

"సంతోషం. తిన్నాడా?"

వెళ్లిన పని ఒకటి, చేసుకొచ్చిన పని ఒకటి. నరహరికి సిగ్గేసింది, కాస్త భయం కూడా వేసింది. తల వంచుకుని, ముసలాయన చేతులు తిప్పిన తీరు చూపించాడు. వంటింటి గడపలో నిలబడి వింటున్న పంతులుగారి భార్య మాణిక్యాంబగారు, "తొక్కతో పాకం కాబోలు నాయనా. చేదు పోయేదాకా నీళ్లు మార్చి ఉడికిస్తే సరి. నువ్వు కాయలు కోసుకురా" అన్నారు. ఆ పూటంతా నరహరి పొయ్యి దగ్గరే కూర్చుని తొక్కలు చుట్టాడు.

మర్నాడు గిన్నె మూత తీయగానే ముసలాయన లేచి కూర్చున్నాడు. చెంచాతో ఒక తొక్క చుట్ట తీశాడు. నోట్లో పెట్టుకోలేదు, నరహరి ముందుకు చాచాడు. నరహరి బయట మంచినీళ్లు కూడా పుచ్చుకోని ఇంటివాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చెంచా కదల్లేదు. నీరసంగా ఉన్నా ముసలాయన చెయ్యి దించలేదు. తన దగ్గరికి వచ్చినవాడు తినకుండా తను తినడని మాటల్లేకుండానే తెలుస్తోంది. నరహరి ఒక్క క్షణం అటూ ఇటూ చూసి నోరు తెరిచాడు. ఆ తరవాతే ముసలాయన తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. పాకం తరవాత గంజి కూడా తాగాడు.

సాయంత్రం నరహరి పంతులుగారి ముందు చీటీ పెట్టాడు. నెరాంజి అన్న మాట తప్ప తక్కినదంతా ఖాళీగా ఉంది.

"తిన్నాడండీ. డాక్టరుగారు ఇక భయం లేదన్నారు. మరి ఈ మాట ఎవరిదని రాయమంటారు?"

"నీకు పెట్టాడా?"

"పెట్టాడండీ. ముందు నాకే పెట్టాడు."

పంతులుగారు చీటీ అతని వైపే జరిపారు.

"మరి పెట్టిందెవరో నువ్వే చెప్పాక ఇంకా నన్నడుగుతావేమిటోయ్."