నాంచారి నాటిన ముళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక మడుగు. ఆ మడుగు గట్టున ఒక ముళ్ళపంది కాపురం. దాని పేరు నాంచారి.

నాంచారి మంచిదే. ఎవరి జోలికీ వెళ్ళేది కాదు. కానీ ఒంటినిండా ముళ్ళు కదా, ఎవరూ దాని పక్కన కూర్చునేవారు కాదు. కుందేలు దూరం నుంచే "బాగున్నావా?" అని అడిగి, దూరం నుంచే వెళ్ళిపోయేది. కొండముచ్చు అయితే "అమ్మో, సూదుల మూట వస్తోంది!" అని కొమ్మ మారేది. నాంచారి నవ్వేసి ఊరుకునేది. లోపల మాత్రం మనసు చివుక్కుమనేది.

ఒక చలికాలం ఆ మడుగులో బాతులు దిగాయి. మంచుకొండల అవతలి నుంచి ఎగిరొచ్చిన బాతులవి. వాటిలో మేబుల్ అనే బాతూ, దాని చెల్లెలూ ఉన్నాయి. చెల్లెలు నీళ్ళలో మునుగుతూ తేలుతూ ఆడుకునేది. మేబుల్ మాత్రం ఒడ్డెక్కి, వచ్చి వచ్చి నాంచారి పక్కనే కూర్చుంది. ముళ్ళు చూసి జంకలేదు. పిల్లలూ, నాంచారి పుట్టి బుద్ధెరిగాక దాని పక్కన ఒకరు కూర్చోవడం అదే మొదటిసారి.

చిక్కంతా భాషతోనే. మేబుల్‌కి వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. బాతుకి ఇంగ్లీషు ఎలా వచ్చిందని నన్నడగకండి. ముళ్ళపందికి తెలుగు ఎలా వచ్చిందో దానికీ అలాగే వచ్చింది. రోజూ సాయంత్రం మేబుల్ ఏదో చెప్పేది. నాంచారి తలూపేది. మేబుల్ నవ్వితే తనూ నవ్వేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆ సాయంత్రాల కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేది.

ఎండలు మొదలు కాగానే బాతులు లేచి వెళ్ళిపోయాయి. మడుగు బోసిపోయింది.

నాంచారికి ఏమీ తోచలేదు. దుంప తవ్వితే తినబుద్ధి కాదు. పడుకుంటే కునుకు పట్టదు. మేబుల్ కూర్చున్న చోట గడ్డి ఇంకా అణిగే ఉంది. దాని వంక చూస్తూ, "అన్ని రోజులు మాట్లాడింది. నేను ఒక్క మాటకైనా బదులు చెప్పలేకపోయాను. వచ్చే చలికాలానికి దాని మాట నాకు తెలియాలి. నేనూ ఒక మాట అనాలి" అనుకుంది. ఆ కోరిక దాన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

అడవి అంచున ఒక మొండిగోడ మీద ముసలి బల్లి ఉండేది. అది ఏళ్ళ తరబడి బడిలో నల్లబల్ల వెనక కాపురం చేసింది. ఆ పాత బల్లను పీకి బయట పారేసినప్పుడు, దాంతోపాటు బల్లీ బయటపడింది. నాంచారి దాని దగ్గరికి వెళ్ళి దండం పెట్టింది.

"మాస్టారూ, నాకు ఇంగ్లీషు కావాలి."

"ఎందుకమ్మాయీ? ఉద్యోగమేమైనా వచ్చేలా ఉందా?" అని అడిగింది బల్లి.

"లేదండీ. నా స్నేహితురాలితో మాట్లాడాలి."

బల్లి తోక ఆడించి ఆలోచించింది. "చూడమ్మాయీ, నాకొచ్చిన పాఠం ఒక్కటే. వాక్యంలో మాటల్ని విడదీసి, ఏ మాట ఏ రకమో చెప్పడం. దాని తర్వాత ఇంకో పాఠం ఉండేది. విడదీసిన మాటల్ని కలుపుకుని, అవతలివాళ్ళు ఏం చెబుతున్నారో వినడం. పంతులుగారు అక్కడికొచ్చేసరికి ప్రతి ఏడూ బడిగంట కొట్టేసేవారు. అది నువ్వే చూసుకోవాలి."

"సరే మాస్టారూ," అంది నాంచారి. తొందరలో ఆ చివరి మాట దాని చెవికెక్కలేదు.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. "పేరు చెప్పే మాట నౌన్. ట్రీ అంటే చెట్టు, అది నౌన్," అంది బల్లి. ఒక నెల గడిచింది. "పని చెప్పే మాట వెర్బ్. రన్ అంటే పరుగెత్తడం, అది వెర్బ్." ఇంకో నెల. "ఎలాంటిదో చెప్పే మాట అడ్జెక్టివ్. కోల్డ్ అంటే చల్లనిది, అది అడ్జెక్టివ్." మూడో నెలా గడిచింది.

నాంచారి దగ్గర పలక లేదు, బలపం లేదు. ఉన్నవల్లా ఒంటి నుంచి రాలిన ముళ్ళే. అందుకని ఒక ఏర్పాటు చేసుకుంది. నౌన్ వినబడితే పొడుగు ముల్లు నేలలో గుచ్చేది. వెర్బ్‌కి పొట్టి ముల్లు. అడ్జెక్టివ్‌కి సన్న ముల్లు. సరిగ్గా గుచ్చితే బల్లి "కిచ్ కిచ్" అనేది. బల్లి పలికితే నిజమే కదా మరి! తప్పితే ఊరుకునేది. అప్పుడు నాంచారి ముల్లు పీకి మళ్ళీ ఆలోచించేది.

వానలు వెళ్ళేసరికి నాంచారి ఆరితేరిపోయింది. ఒకరోజు బల్లి అందరి ముందూ "ది బ్లాక్ మంకీ ఈట్స్ ఎ మ్యాంగో" అంది. నల్లకోతి మామిడిపండు తింటుందని అర్థం. నాంచారి టకటకా ముళ్ళు గుచ్చేసింది. బ్లాక్‌కి సన్నది, మంకీకి పొడుగుది, ఈట్స్‌కి పొట్టిది, మ్యాంగోకి పొడుగుది. కొండముచ్చు తన నల్లమొహం తడుముకుని "ఇది నా మీదేనా?" అని గొణిగింది. అయినా అదే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఇన్నాళ్ళూ చూసి తప్పుకున్నవాళ్ళు ఇప్పుడు చూసి మెచ్చుకుంటుంటే నాంచారికి ఎంత బాగుందో! 'మేబుల్ వస్తే ఇదంతా చూపిస్తాను. అది ముక్కున వేలేసుకుంటుంది' అనుకునేది. బాతుకి ముక్కే కానీ వేలెక్కడిదని దానికి తోచనే లేదు.

చలికాలం వచ్చింది. బాతులు దిగాయి. మేబుల్ రాలేదు. రెండో గుంపు దిగింది. అందులోనూ లేదు. నాంచారి మెడ నొప్పెట్టేలా ఆకాశం వంక చూసింది. పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఒకే ఒక బాతు వచ్చి మడుగులో వాలింది. మేబుల్! రెక్కలు వేలాడేసుకుని, తడబడుతూ ఒడ్డెక్కి నాంచారి వైపు నడిచింది.

కొండముచ్చూ, కుందేలూ, తక్కినవాళ్ళూ వింత చూడడానికి మూగారు. బల్లి కూడా ఒక రాయి మీదికి పాకి వచ్చింది.

మేబుల్ ఆగి మెల్లగా అంది. "నాంచారీ, మై సిస్టర్ ఈజ్ డెడ్."

"సిస్టర్, నౌన్!" అని నాంచారి పొడుగు ముల్లు గుచ్చింది. "డెడ్, అడ్జెక్టివ్!" అని సన్న ముల్లు గుచ్చింది. చుట్టూ చప్పట్లు మోగాయి.

మేబుల్ తెల్లబోయి చూసింది. మళ్ళీ అంది. "ది మౌంటెన్ వాజ్ కోల్డ్. షి ఫెల్."

"మౌంటెన్, నౌన్! కోల్డ్, అడ్జెక్టివ్! ఫెల్, వెర్బ్!" మూడు ముళ్ళు దిగాయి. చప్పట్లు ఇంకా పెరిగాయి.

మేబుల్ ఒక అడుగు ముందుకు వేసింది. "కెన్ ఐ సిట్ విత్ యూ?"

"సిట్, వెర్బ్!" నాంచారి ఉత్సాహం పట్టలేక ఆ ముల్లు సరిగ్గా మేబుల్ కాళ్ళ ముందే గుచ్చింది.

మేబుల్ తన ముందు వరసగా నిలబడ్డ ముళ్ళను చూసింది. నాంచారి మొహం చూసింది. వెనక్కి తిరిగి, నీళ్ళలో దిగి, అవతలి గట్టుకు వెళ్ళిపోయింది.

"మాస్టారూ, అన్నీ సరిగ్గా చెప్పాను కదా? మీరు పలకలేదేం?" అని అడిగింది నాంచారి.

"ఒక్క తప్పు లేదమ్మాయీ," అంది బల్లి. "ఇంతకీ ఆ పిల్ల ఏం చెప్పింది?"

నాంచారి ముళ్ళ వంక తిరిగింది. సిస్టర్. డెడ్. మౌంటెన్. కోల్డ్. ఫెల్. సిట్. చెల్లెలు... చనిపోయింది... చలి కొండ... పడిపోయింది... కూర్చోనా? ఒక్కొక్క మాటా వచ్చి పక్కమాటతో కలిసింది. తను ఏడాదంతా ఎదురుచూసింది ఈ సాయంత్రం కోసమే. తన స్నేహితురాలు అంత దూరం ఒంటరిగా వచ్చింది తన పక్కన కూర్చుని ఏడవడానికే. తను మాత్రం పాఠం అప్పజెప్పింది!

"అయ్యో, నా తెలివి మండిపోనూ!" అని నాంచారి భోరున ఏడ్చింది. కొండముచ్చు చప్పట్లు ఆపి తల దించుకుంది.

నాంచారికి ఈత రాదు. గట్టు వెంబడి బురదలో పడుతూ లేస్తూ అవతలికి చేరింది. మేబుల్ దాన్ని చూసి మొహం తిప్పుకుంది. నాంచారి పక్కన కూర్చుంది. మర్నాటి సాయంత్రమూ వెళ్ళి కూర్చుంది. అప్పుడూ మేబుల్ మొహం తిప్పుకునే ఉంది. మూడో సాయంత్రం నాంచారి తనకు వచ్చిన మాటలన్నీ వెతికి వెతికి, కూడబలుక్కుని అంది.

"మేబుల్, టెల్ మీ అబౌట్ యువర్ సిస్టర్."

మీ చెల్లెలి గురించి చెప్పవా అని.

మేబుల్ మెల్లగా నాంచారి వైపు తిరిగింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ముందు మాటలొచ్చాయి, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత మళ్ళీ మాటలొచ్చాయి. సగం మాటలు నాంచారికి తెలియనే తెలియవు. అయినా ఎక్కడా ఆపలేదు. పొద్దు వాలేదాకా విన్నది.

నాంచారి తిరిగొస్తుంటే దారిలో కొండముచ్చు అడిగింది. "ఇవాళ ఎన్ని నౌన్లు దొరికాయి నాంచారీ?"

"చూసుకోలేదు," అంది నాంచారి కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళ చెల్లి ఎప్పుడూ వెనకే ఎగిరేదట. అక్క భయపడకుండా 'ఉన్నానక్కా, ఉన్నానక్కా' అని దారంతా అరుస్తూ వచ్చేదట."

నీతి: ఎదుటివాళ్ళ మాటలు నేర్చుకునేది వాళ్ళ మనసు వినడానికే. అది మరిచి ప్రదర్శనకు పెడితే, నేర్చిన చదువే ఇద్దరి మధ్యా కంచె అవుతుంది.