దున్న పోగొట్టుకున్న ఉచ్చు

చిలకలకోన అడవిలో వేటగాళ్లు వదిలేసి పోయిన ఇనప తీగ ఉచ్చులు చాలా ఉండేవి. రేచుకుక్కల భయంతో జంతువులు తలా ఒకటి తెచ్చి గుమ్మం ముందు పెట్టుకున్నాయి. ఒకనాడు వాటిలో ఒకటి దారిలోకి వచ్చి కుందేలు పిల్ల ప్రాణం తీసింది. అది ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

ముళ్లపంది నాంచారమ్మ అందర్నీ పోగు చేసింది.

"ఎవరి దగ్గర ఉచ్చుందో నాకు చెప్పండి. ఉచ్చు కట్టిన కొయ్య మేకు మీద పంటితో గాట్లు పెడతాను. ఎవరి గాట్లు వాళ్లవి. తాటాకు మీద పేర్లు రాసుకుంటాను."

నక్క గవరయ్య నవ్వాడు. "అత్తా, రేచుకుక్కలు వచ్చి నీ దగ్గర పేర్లు రాయించుకుంటాయా? రాయించుకునేది మంచివాళ్లేగా! దొంగకి నీ తాటాకుతో ఏం పని?"

దున్న సింగన్న కూడా ముఖం ముడుచుకున్నాడు. "ఆ మాట నిజమే. ఇవాళ రాస్తావు, రేపు లాక్కుంటావు. అప్పుడు నా దూడల గతేంటి?"

"దొంగ రాయించుకోడు, ఒప్పుకుంటున్నా," అంది నాంచారమ్మ. "కానీ దొంగ చేతికి ఉచ్చు వచ్చేది మన గుమ్మాల నుంచే. ఎవరి గుమ్మం నుంచి ఎప్పుడు పోయిందో తెలిస్తే చాలు. ఇక లాక్కోవడమంటావా సింగన్నా, నీ ఉచ్చు నీ దగ్గరే ఉంటుంది. నా మాట."

సింగన్న తన మేకు ముందుకు తోశాడు. నాంచారమ్మ మూడు గాట్లు పెట్టింది. గవరయ్య కూడా తనది చూపించి గాటు పెట్టించుకున్నాడు. ఎందుకొచ్చిన అనుమానం!

నెల తిరిగింది. ఒకరోజు నాంచారమ్మ పొద్దెక్కాక ఇల్లిల్లూ తిరిగి ఉచ్చులు చూసుకుని ఆకు మీద గుర్తులు పెట్టుకుంది. ఆమె అలా వెళ్లిన కాసేపటికే సింగన్న నీళ్లకు పోయాడు. తిరిగొచ్చి చూస్తే ఉచ్చు లేదు.

సింగన్న గుమ్మం చుట్టూ వెతికాడు. అంత ఒళ్లున్నవాడు, ఒక తీగ ముక్క కాపాడుకోలేకపోయాడంటే అడవంతా నవ్వదూ? పోయిన ఉచ్చులో ఎవరైనా పడితే మేకు మీద తన గాట్లే ఉంటాయి కదా! చెప్పకుండా ఊరుకుందామనుకున్నాడు. ఇంతలో పక్కనే జింక రాములమ్మ పిల్లతో మేతకు బయల్దేరుతూ కనిపించింది. ఇక ఆగలేదు. పరుగెత్తాడు.

"నాంచారమ్మత్తా, నా ఉచ్చు పోయింది. తప్పు నాదే, కాపలా లేకుండా వదిలేశాను."

నాంచారమ్మ ఆకు మీద రాసుకుని కేక వేసింది. "మేతదారిలోకి ఎవరూ వెళ్లకండి! రాములమ్మా, పిల్లను ఆపు!"

అందరూ దారి వెతికారు. వాగు మలుపు దగ్గర ఎండుటాకుల కింద ఉచ్చు దొరికింది. మేకు మీద మూడు గాట్లు. పక్క పొదలో ఆకులు కదిలాయి. గవరయ్య బయటికొచ్చాడు.

"వచ్చారా! ఈ ఉచ్చు తెల్లవారకముందే చూశాను. ఎవరైనా పడతారేమోనని అప్పట్నుంచి కాపలా కాస్తున్నా. చూడండి ఆ గాట్లు ఎవరివో! రాత్రే పెట్టుంటాడు ఈ సింగన్న."

అందరి కళ్లూ దున్న మీదికి తిరిగాయి. సింగన్న తల దించుకున్నాడు.

"తెల్లవారకముందేనా?" అంది నాంచారమ్మ తాపీగా.

"నా కళ్లతో చూశానత్తా."

"పొద్దెక్కాక ఈ మేకు సింగన్న గుమ్మంలో నేనే చూశాను. ఇదిగో గుర్తు. తెల్లవారకముందు నుంచీ ఇక్కడే ఉన్నదాన్ని అక్కడెలా చూశాను గవరయ్యా?"

గవరయ్య నెమ్మదిగా వెనక్కి అడుగేశాడు. వెనక ఎలుగుబంటి నిలబడి ఉంది.

ఉచ్చు దొంగిలించి, పడినవాళ్లను తిందామని పొంచిన నక్కను ఆ సాయంత్రమే కోన దాటించేశారు. రాములమ్మ సింగన్న దగ్గరికొచ్చింది. "అన్నా, ఎవరూ అడగకుండానే తప్పు నాదేనని ఎలా అనగలిగావు?"

"నీ పిల్లను చూశానమ్మా, అంతే," అన్నాడు సింగన్న. అప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాడు.

నీతి: తన చేయి జారిందని వెంటనే చెప్పుకునే ధైర్యం ఒక్కరికున్నా, పదిమంది ప్రాణాలు నిలుస్తాయి.